పీసీఓడీ మెదడు జబ్బా? డోపమైన్, సెరటోనిన్ టెస్టులు చేయించుకోవాలా?

జమ్మికుంట నుంచి వచ్చి హనుమకొండ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకుంటున్న 23 ఏళ్ల అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి రాస్తున్నాను. "మేడం, నాకు రెండు మూడు నెలలకోసారి డేట్ వస్తుంది. స్కానింగ్ తీసి పీసీఓడీ అన్నారు. అసలు ఇది అండాశయాల జబ్బే కాదు, మెదడులో డోపమైన్, సెరటోనిన్ తగ్గితే వస్తుందని ఒక వీడియోలో చూశాను. బ్రెయిన్ హార్మోన్ల ప్యాకేజీ అని 6,500 రూపాయల టెస్ట్ కూడా చెప్పారు. అమ్మేమో 'చదువు టెన్షన్ బిడ్డా, నౌకరి వస్తే అదే పోతది' అంటుంది. గ్యాస్‌కు రోజూ పొద్దున ఒక గోలీ వేసుకుంటా, అంతకుమించి మందులేమీ లేవు. ఎవరి మాట నమ్మాలి?"

ముందు సూటిగా జవాబు. పీసీఓడీలో, అంటే అండం సరిగా ఎదగక నెలసరి తప్పే సమస్యలో, మెదడు రసాయనాలకు పాత్ర ఉంది, చిన్న పాత్ర కూడా కాదు. కానీ వీడియోలో చెప్పిన రసాయనాలు వేరు, అసలు పని చేసేవి వేరు. ఆ ప్యాకేజీ టెస్ట్ వద్దు, డబ్బులు దగ్గర పెట్టుకోండి. అమ్మ చెప్పిన టెన్షన్ సంగతి సగమే నిజం, ఆ సగం ఏదో కింద చెబుతాను. మీరు చివర్లో మాటవరసకు రాసిన గ్యాస్ గోలీ ఉంది చూశారూ, మీ ప్రశ్న మొత్తంలో నా కన్ను దాని మీదే పడింది.

నేను హనుమకొండలో గైనకాలజీ ప్రాక్టీసు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేను చదువుకునే రోజుల్లో పీసీఓడీ అంటే అండాశయం జబ్బు, అంతే. 1935లో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు మొదట దీని గురించి రాసినప్పుడు అండాశయంలో కొంత భాగం కోసి తీసేస్తే కొందరికి నెలసరి మళ్లీ వచ్చింది. దాంతో చాలాకాలం అందరి చూపూ అక్కడే ఉండిపోయింది. తర్వాత ఇన్సులిన్ సంగతి తెలిసింది, ఆ తర్వాత మెదడు సంగతి.

మెదడు అడుగున హైపోథాలమస్ అని బాదం గింజంత భాగం ఉంటుంది. దాని కింద శనగ గింజంత పిట్యూటరీ గ్రంథి వేలాడుతుంటుంది. హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ కిందికి దిగుతుంది, అయితే నల్లా తిప్పినట్టు ధారగా రాదు, ఆగి ఆగి ఒక లెక్క ప్రకారం వస్తుంది. అది వచ్చినప్పుడల్లా పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది, అవి వెళ్లి అండాశయాన్ని నడిపిస్తాయి. ఈ ఆగి ఆగి రావడమే అసలు విషయం. 1970ల చివర్లో ఎర్నెస్ట్ నాబిల్ అనే శాస్త్రవేత్త బృందం కోతుల మీద ప్రయోగం చేసింది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకోసారి ఇస్తే అంతా సక్రమంగా నడిచింది, అదే మందును ఆపకుండా ఎక్కిస్తే పిట్యూటరీ మొద్దుబారి రెండు హార్మోన్లూ పడిపోయాయి. అంటే ఎంత వచ్చిందన్న దానికన్నా ఎంతసేపటికోసారి వచ్చిందన్నది ముఖ్యం. గబగబా వస్తే ఎల్‌హెచ్ ఎక్కువ తయారవుతుంది, నిదానంగా వస్తే ఎఫ్‌ఎస్‌హెచ్‌కు మొగ్గు. మామూలుగా అండం విడుదలయ్యే ముందు గంటకో గంటన్నరకో ఒకసారి వస్తుంది. విడుదలయ్యాక అండాశయం నుంచి వచ్చే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పెరిగి 'ఇక నిదానం' అని చెబితే మూడు నాలుగు గంటలకోసారికి తగ్గుతుంది.

బతుకమ్మ ఆడేటప్పుడు చూసే ఉంటారు. పాట అందుకున్న అక్క ఉత్సాహంలో చప్పట్ల వేగం పెంచేస్తే వెనకవాళ్లు వంగి లేచేలోపే తర్వాతి చప్పట్లు పడిపోతాయి, అడుగులు కలవవు, పాట మాత్రం నడుస్తూనే ఉంటుంది. పీసీఓడీలో చాలామందికి జరిగేది ఇదే. జీఎన్‌ఆర్‌హెచ్ నెలంతా గంటకోసారి చొప్పున కొడుతూనే ఉంటుంది, నిదానించదు. ఎల్‌హెచ్ ఎక్కువై అండాశయంలో టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్లను పెంచుతుంది. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు దాని వల్లే. ఎఫ్‌ఎస్‌హెచ్ చాలక అండం ఉండే చిన్న సంచులు సగం ఎదిగి ఆగిపోతాయి. స్కానింగ్ రిపోర్టులో మీరు చూసి భయపడే 'నీటి బుడగలు' అవే, ఒక్కొక్కటి 2 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. అవి గడ్డలు కావు, ఆపరేషన్ చేసి తీయాల్సినవీ కావు. వారానికి ఇద్దరైనా తల్లులు "మేడం, గడ్డలు కరిగే మందు రాయుండ్రి" అని అడుగుతారు, ప్రతిసారీ కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తాను.

మరి ఆ చప్పట్లు కొట్టించేది ఎవరు? మీరు అడిగిన మెదడు రసాయనాలు ఇక్కడ వస్తాయి. హైపోథాలమస్‌లో ఒక చిన్న కణాల గుంపు మూడు రసాయనాలు తయారు చేస్తుంది, వాటి పేర్లు కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్-బి, డైనార్ఫిన్. న్యూరోకైనిన్-బి మొదలుపెడుతుంది, కిస్‌పెప్టిన్ వెళ్లి జీఎన్‌ఆర్‌హెచ్ కణాన్ని తడుతుంది, డైనార్ఫిన్ బ్రేకు వేస్తుంది. (కిస్‌పెప్టిన్ జన్యువును 1996లో అమెరికాలో హెర్షీ అనే ఊళ్లో కనిపెట్టారు. ఆ ఊళ్లో తయారయ్యే కిస్సెస్ అనే చాక్లెట్ పేరే దానికి పెట్టారు. క్లాసులో ఈ సంగతి చెప్తే పిల్లలు ఇంకేదీ గుర్తుపెట్టుకోరు, ఇదొక్కటే గుర్తుపెట్టుకుంటారు.) వీటితోపాటు గాబా అని ఇంకోటి ఉంది. మెదడులో చాలాచోట్ల గాబా శాంతింపజేసే రసాయనమే, కానీ జీఎన్‌ఆర్‌హెచ్ కణాల దగ్గరికి వచ్చేసరికి ఉల్టా పని చేస్తుంది, వాటిని ఉసిగొల్పుతుంది. పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఉన్న ఆడవాళ్ల వెన్నునీరు తీసి చూసినప్పుడు అందులో గాబా ఎక్కువగానే కనిపించింది. అందుకే 'గాబా పెంచే సప్లిమెంట్ వేసుకో, పీసీఓడీ తగ్గుతుంది' అనే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. న్యూరోకైనిన్-బి పనిని అడ్డుకునే మందులను చిన్న పరిశోధనల్లో వాడి చూస్తే ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ రెండూ తగ్గాయి, అదైతే నిజం. ఆ రకం మందుల్లో ఫెజోలినెటాంట్‌కు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, కాకపోతే అది ముట్లుడిగేటప్పుడు వచ్చే వేడి ఆవిర్లకు, పీసీఓడీకి కాదు.

అయితే మొత్తం తప్పు మెదడుదే అనుకోవద్దు. ఇదొక సుడి. ప్రొజెస్టరాన్ 'నిదానం' అని చెప్పినా మెదడు వినకపోవడానికి కారణం ఒంట్లో ఎక్కువైన మగ హార్మోన్లే. వాటిని అడ్డుకునే మందు కొన్ని వారాలు ఇచ్చి చూస్తే మెదడు మళ్లీ ప్రొజెస్టరాన్ మాట విన్నది. అంటే మెదడు వేగం వల్ల మగ హార్మోన్లు పెరుగుతాయి, మగ హార్మోన్ల వల్ల మెదడు వేగం తగ్గదు. ఈ సుడిలోకి ఇన్సులిన్ కూడా దూరుతుంది. అది అండాశయంలో ఎల్‌హెచ్‌తో చేయి కలిపి మగ హార్మోన్లు ఇంకా పెంచుతుంది, మరోపక్క లివర్‌లో వాటిని కట్టి ఉంచే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. మెడ వెనక నల్లగా, మందంగా మఖమల్ గుడ్డలా అయిన చర్మాన్ని మురికి అనుకుని పీచుతో రుద్దే పిల్లలు ఎంతమందో. అది మురికి కాదమ్మా, ఇన్సులిన్ ఎక్కువైన గుర్తు. లావుగా ఉన్నవాళ్లలో ఇన్సులిన్ వాటా ఎక్కువ కనిపిస్తుంది, సన్నగా ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ వాటా. 'సన్నగానే ఉన్నా కదా, నాకెందుకు వచ్చింది' అనే వాళ్లకు చాలావరకు జవాబు అదే.

ఇక డోపమైన్. దీని పని ఇక్కడ ఒక్కటే అనుకోండి, పిట్యూటరీ నుంచి ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ ఎక్కువ రాకుండా పట్టి ఉంచడం. డోపమైన్ పనికి అడ్డం పడితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది, ప్రొలాక్టిన్ పెరిగితే జీఎన్‌ఆర్‌హెచ్ మందగించి నెలలు తప్పుతాయి. చూడటానికి పీసీఓడీలాగే ఉంటుంది, కానీ పీసీఓడీ కాదు. అందుకే పీసీఓడీ అని పేరు పెట్టే ముందు ప్రొలాక్టిన్, థైరాయిడ్ చూసి, అవి కావని తేల్చుకోవాలన్నది పాత నియమం.

కొన్నేళ్ల కింద పరకాల వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఐదు నెలలుగా డేట్ లేదు, స్కానింగ్‌లో పీసీఓడీ అని ఉంది, అప్పటికే ఒకచోట మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు మొదలుపెట్టారు. మాట్లాడుతుంటే తలొంచుకుని "మేడం, లోపలి బట్టల మీద పాల మరకలు అయితున్నయి, పిల్లగాడు పాలు మానేసి ఆరేండ్లయింది" అన్నది. ప్రొలాక్టిన్ పంపిస్తే 90 దాటింది, మామూలుగా 25 లోపు ఉండాలి. ఏమేం మందులు వాడుతున్నావమ్మా అంటే 'ఏం లేవు, గ్యాస్ గోలీ' అంది. సంచిలోంచి స్ట్రిప్ తీయిస్తే, అసిడిటీ మందుతో పాటు అదే గోలీలో లెవోసల్పిరైడ్ అనేది కలిసి ఉంది. మందుల షాపులో ఒకసారి ఇస్తే పది నెలలుగా అదే కొనుక్కుని వేసుకుంటోంది. లెవోసల్పిరైడ్ డోపమైన్‌ను అడ్డుకునే మందు. పొట్ట త్వరగా ఖాళీ కావడానికి ఇస్తారు, కానీ పిట్యూటరీ దగ్గర కూడా అదే పని చేస్తుంది. డామ్‌పెరిడోన్, మెటోక్లోప్రమైడ్ కూడా ఇంతే. ఆ గోలీ ఆపి ఉత్తి అసిడిటీ మందుకు మార్చాం. రెండో నెలలో డేట్ వచ్చింది, ప్రొలాక్టిన్ మామూలుకు దిగింది. పీసీఓడీ ఫైలు మూసేశాం. ఇలాంటివి నేను ఏడాదికి నాలుగైదైనా చూస్తాను. మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి, అవి మాత్రం సైకియాట్రిస్ట్‌ను అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ దారి వేరు, అది పీసీఓడీ లక్షణాలనే తెప్పించగలదు. దాన్ని కూడా న్యూరాలజిస్ట్ మార్చాలే తప్ప మీ అంతట మీరు మానితే ఫిట్స్ వస్తాయి.

ఇంకో హెచ్చరిక. డోపమైన్ పెంచుతుందని దూలగొండి గింజల పొడి డబ్బాలు అమ్ముతున్నారు. ఆ గింజల్లో ఎల్-డోపా ఉన్నమాట నిజమే, అది పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే మందే. నిజంగా మందు ఉంది కాబట్టే చెంచా లెక్కన వేసుకోకూడదు.

సెరటోనిన్ గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. పీసీఓడీ ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన మిగతావాళ్ల కన్నా ఎక్కువ, అది నా క్లినిక్‌లో రోజూ చూస్తాను. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా పీసీఓఎస్ అని తేలిన ప్రతి పెద్ద మహిళనూ, ప్రతి టీనేజ్ అమ్మాయినీ ఈ రెండింటి గురించి అడగాలని రాశారు. కానీ సెరటోనిన్ తగ్గి పీసీఓడీ వచ్చింది అనడానికి ఆధారం లేదు. ముఖం మీద చున్నీ తీయకుండా కూర్చునే కోడలు పిల్ల, పొద్దున్నే అందరూ లేవకముందే బాత్రూంలో దారంతో గడ్డం వెంట్రుకలు పీక్కుని బయటకు వచ్చే అమ్మాయి, 'ఇంకా విశేషం లేదా' అని ప్రతి పెళ్లిలో అడిగించుకునే మనిషి, వీళ్ల మనసు కుంగకుండా ఎట్లా ఉంటుంది? హార్మోన్ల వాటా కొంత ఉండొచ్చు, మనుషుల వాటా అంతకంటే తక్కువేం కాదు. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలనే ఆలోచనలు ఉంటే దాన్ని విడిగా చూపించుకోవాలి, దానికి మందు వాడితే తప్పు లేదు, పీసీఓడీ మందులతో కలిపి వాడొచ్చు. సిగ్గుగా ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇప్పుడు అమ్మ చెప్పిన టెన్షన్. టెన్షన్ నెలసరిని ఆపగలదు, కానీ పీసీఓడీని పుట్టించదు. రెండూ దాదాపు వ్యతిరేక దిక్కులు. తీవ్రమైన ఒత్తిడి, తిండి తగ్గడం, ఒంటికి మించిన వ్యాయామం, ఇవి జీఎన్‌ఆర్‌హెచ్‌ను నెమ్మదింపజేస్తాయి, కొన్నిసార్లు దాదాపు ఆపేస్తాయి. పీసీఓడీలో వేగం ఎక్కువ. కానీ స్కానింగ్‌లో రెండింటికీ బుడగలు కనిపించవచ్చు, అక్కడే పొరపాటు జరుగుతుంది. నయీంనగర్ హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారవుతున్న ఒక అమ్మాయి వచ్చింది, 41 కిలోలు. పొద్దున ఐదింటికే గ్రౌండుకు పోయి 800 మీటర్ల పరుగు ప్రాక్టీసు, వచ్చి ఒక ఇడ్లీ, రాత్రి అన్నం మానేసింది, ఎందుకంటే ఎవరో ఆమెకు పీసీఓడీ అని చెప్పి బరువు తగ్గమన్నారు! ఆమెకు ఎల్‌హెచ్ 1.2 మాత్రమే ఉంది. పీసీఓడీ అయితే అలా ఉండదు. ఆమెకు నేను రాసిన మందు రాత్రి పూట అన్నం, పప్పు, గుడ్డు. మూడు కిలోలు పెరిగాక నాలుగో నెలలో డేట్ వచ్చింది. పీసీఓడీ అన్న మాట చెవిన పడగానే అందరూ తిండి మానేయకూడదని చెప్పడానికే ఇది రాశాను. మీ బరువు మీరు రాయలేదు, అది తెలియాలి.

టెస్టుల సంగతి. జీఎన్‌ఆర్‌హెచ్ రక్తంలో కొన్ని నిమిషాల్లోనే విరిగిపోతుంది, పైగా అది హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి ఉన్న చిన్న సొంత రక్తనాళాల్లోనే తిరుగుతుంది, చేతి నరంలోంచి తీసిన రక్తంలో దొరకదు. సెరటోనిన్ అయితే ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లో తయారవుతుంది. చేతి రక్తంలో కొలిస్తే పేగుల లెక్క తెలుస్తుంది తప్ప మెదడు లెక్క తెలియదు. కాబట్టి ఆ 6,500 రూపాయల కాగితం చూసి నేనైతే చేయగలిగింది ఏమీ లేదు. మీకు నిజంగా కావాల్సినవి థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్, డేట్ వచ్చిన రెండో మూడో రోజున ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ టెస్ట్. ప్రొలాక్టిన్‌కు నిద్ర లేవగానే పరుగెత్తుకు వెళ్లొద్దు. లేచి రెండు గంటలైనా గడిచాక, ల్యాబులో కాసేపు కూర్చుని ఇవ్వండి, సూది భయానికి కూడా అది కొంచెం పెరుగుతుంది. డబ్బులకు ఇబ్బందైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, హనుమకొండ సర్కారు ప్రసూతి దవాఖానలో గానీ అడగండి, పెద్ద క్యూ ఉంటుంది, పొద్దున్నే పోవాలి. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన లెక్క ప్రకారం నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువవడం, స్కానింగ్‌లో బుడగలు, ఈ మూడింటిలో రెండు ఉండాలి, వేరే కారణం ఉండకూడదు. ఒక్క స్కానింగ్ కాగితంతో పీసీఓడీ తేలదు.

తేలితే మందు మెదడుకు ఇస్తారా అండాశయానికా అని మీకు అనుమానం రావచ్చు. మామూలుగా ఇచ్చే హార్మోన్ గోలీలు చాలావరకు మెదడు దగ్గరే పని చేస్తాయి, ఎల్‌హెచ్‌ను తగ్గిస్తాయి. పిల్లల కోసం ఇచ్చే లెట్రోజోల్ కూడా ఈస్ట్రోజన్ తగ్గించి 'ఇంకా ఎఫ్‌ఎస్‌హెచ్ పంపు' అని పిట్యూటరీకి కబురు వెళ్లేలా చేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ వైపు నుంచి వస్తుంది. సుడిని ఎక్కడో ఒకచోట తెంపితే మిగతాది నెమ్మదిస్తుంది, ఎక్కడ తెంపాలన్నది మనిషిని బట్టి. బరువు ఎక్కువుంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా కనిపిస్తుంది, 70 కిలోలు ఉంటే మూడున్నర కిలోల నుంచే. దానికి జొన్నరొట్టె ఒక్కటే తిని బతకక్కర్లేదు, అన్నం సగం చేసి కూర పెంచి సాయంత్రం భద్రకాళి బండ్ మీద ముప్పావుగంట గట్టిగా నడవండి చాలు. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూడటం మాత్రం తగ్గించాలి. ఒక్కటి మరిచిపోకండి, మూడు నెలలు దాటినా డేట్ రాకపోతే ఊరుకోవద్దు. గర్భసంచి లోపలి పొర మందమైపోతుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటే ప్రమాదం. డాక్టర్‌ను అడిగి ప్రొజెస్టరాన్ కోర్సు వాడి తెప్పించుకోవాలి.

ఇప్పుడు మీ గోలీ. ఆ స్ట్రిప్ వెనక వెండి రంగు కాగితం మీద చిన్న అక్షరాల్లో మందు పేర్లు ఉంటాయి. పాంటాప్రజోల్ అనో రాబెప్రజోల్ అనో ఒక్కటే ఉంటే సరే. దాని పక్కన లెవోసల్పిరైడ్ అనో డామ్‌పెరిడోన్ అనో ఉంటే, ఎన్ని నెలలుగా వేసుకుంటున్నారో, మీ బరువెంతో, రొమ్ముల నుంచి పాలలాంటిది ఏమైనా వస్తోందో, తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ ఉందో రాయండి. రాయడానికి ఇబ్బందైతే ఆ స్ట్రిప్ తీసుకుని మీ డాక్టర్ దగ్గరికే వెళ్లండి, ప్రొలాక్టిన్ చూడమని అడగండి, మిగతా టెస్టులు ఆ తర్వాత.